గుడ్డకు అంటిన నలుపు

(శ్రావణమాసం ముందు ఒక కాలనీ మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

శ్రావణం దగ్గరికి వచ్చేసింది. మీలో చాలామంది ఇప్పటికే బీరువా పై అరలోంచి వెండి సామాను దించి ఉంటారు. కలశం చెంబు, అమ్మవారి ముఖం, కుందులు, గంధపు గిన్నె, పన్నీరు బుడ్డి. పోయిన ఏడాది తళతళలాడేట్టు తోమి దాచినవే. ఇప్పుడు తీసి చూస్తే ఒకటి పసుపుగా, ఒకటి గోధుమరంగుగా, ఒకటి అంచుల దగ్గర నల్లగా ఉంటుంది. వెంటనే చేయి పళ్ళపొడి డబ్బా మీదికి పోతుంది. ఆ చేతిని ఒక్క నిమిషం ఆపి, దాని బదులు పాలిష్ గుడ్డ సంగతి వినమని అడగడానికే ఈరోజు వచ్చాను.

ముందు ఈ భరిణె చూడండి. మా అమ్మమ్మది. పెళ్ళిలో ఇచ్చారు. మూత మీద ఆవిడ పేరు చెక్కించారని మా అమ్మ చెప్పేది. ఇప్పుడు ఎంత వెలుగులో పెట్టి చూసినా మొదటి అక్షరం తలకట్టు తప్ప ఏమీ కనిపించదు. ఏళ్ళ తరబడి ప్రతి పండక్కీ విభూతితో, పళ్ళపొడితో, కొబ్బరిపీచుతో తోమారు. ప్రేమగానే తోమారు. అప్పటికీ లీలగా మిగిలిన అక్షరాలు, నేను ఒక షాపులో పాలిష్‌కి ఇచ్చినప్పుడు పోయాయి. మోటారు చక్రం మీద పెట్టి బఫింగ్ చేశారు. అద్దంలా తిరిగొచ్చింది కానీ మూత మీద పేరు లేదు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. వెండి ఎందుకు నల్లబడుతుందో బోర్డు మీద ఎన్నోసార్లు రాశాను. ఆ రాసిన దాన్ని ఇంట్లో భరిణెకి అన్వయించుకోవడానికి మాత్రం ఆలస్యం చేశాను. ఆ బాధ ఇంకా ఉంది. అందుకే ఇంత పట్టుదలగా చెబుతున్నాను.

వెండి మీద వచ్చే నలుపు మురికి కాదు, తుప్పు కూడా కాదు. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు చాలా కొద్దిగా ఉంటుంది. మురుగుకాల్వ దగ్గర, కుళ్ళిన గుడ్డు దగ్గర ముక్కుకి తగిలే వాసన దానిదే. మనకు వాసన తెలియనంత తక్కువగా ఉన్నా వెండికి చాలు. దానిలోని గంధకాన్ని వెండి పట్టుకుని సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. తేమ ఉంటే ఇంకా తొందరగా మారుతుంది. వానాకాలంలో, సముద్రం పక్క ఊళ్ళలో వెండి త్వరగా రంగు మారడానికి ఒక కారణం అదే. ఈ పొర మొదట్లో ఎంత పలచగా ఉంటుందంటే, నీళ్ళ మీద నూనె చుక్క రంగులు చూపించినట్టు ఇది కూడా రంగులు చూపిస్తుంది. ముందు లేత పసుపు, తర్వాత గోధుమ, ఊదా, నీలం, చివరికి నలుపు. పసుపు దశలో ఉన్నప్పుడు తుడిస్తే రెండు నిమిషాల పని. నలుపు దాకా ఆగితే అరగంట చాకిరీ, పైగా నష్టం.

నష్టం ఏమిటంటారా? ఈ సిల్వర్ సల్ఫైడ్ బరువులో 87 శాతం వెండే. మిగతా 13 శాతమే గంధకం. గుడ్డకు నల్లగా అంటిందంటే, 'అబ్బ, ఎంత మురికి పోయిందో' అని సంతోషపడతాం. గుడ్డకు అంటింది మన వెండే. రుద్ది తుడిచే పద్ధతి ఏదైనా కొంత వెండిని తీసుకుపోతుంది. ఎంత తీసుకుపోతుందన్న దగ్గరే ఒక పద్ధతికీ ఇంకో పద్ధతికీ తేడా.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక మాదిరి వెండి గ్లాసు బయటి వైపు 200 చదరపు సెంటీమీటర్లు ఉందనుకోండి. దాని మీద ఒక్క మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, అరిగితే పోయే వెండి సుమారు 0.2 గ్రాములు. తూకంలో పెద్దగా తెలియదు. కానీ సన్నటి నగిషీ గీత లోతు మిల్లీమీటరులో పదో వంతే ఉందనుకుంటే, అలా వంద మైక్రాన్లు అరిగేసరికి ఆ గీతే ఉండదు. మా అమ్మమ్మ పేరు పోయింది ఈ లెక్కలోనే.

ఇప్పుడు ఈ గుడ్డలు ఒకరి నుంచి ఒకరికి అందించండి. ముట్టుకుని చూడండి, వాసన చూడండి. మామూలు నూలుగుడ్డలాగే ఉంటుంది కానీ కాస్త జిడ్డుగా, బరువుగా తగులుతుంది. ఇవే మందు పట్టించిన పాలిష్ గుడ్డలు. వెండి నగల షాపుల్లో, ఆన్‌లైన్‌లో సిల్వర్ పాలిష్ క్లాత్ అని అమ్ముతారు. దీనిలో సాధారణంగా రెండు రకాల మందులు ఉంటాయి. మొదటిది అతి మెత్తటి రాపిడి పొడి. కంసాలులు వాడే ఎర్రపొడి, రూజ్ అంటారు చూడండి, అది మెత్తటి ఐరన్ ఆక్సైడ్. కొన్ని గుడ్డల్లో అది ఉంటుంది, కొన్నింట్లో అంతకంటే మెత్తటి సుద్ద, కొన్నింట్లో అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్ పొడి. పొడి గుడ్డ పోగుల్లో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి ఒకచోట కుప్పపడి లోతుగా గీయదు. పళ్ళపొడికి, దీనికి ఉన్న తేడా అక్కడే. పళ్ళపొడి, విభూతి, జల్లించిన బూడిద ఏదైనా సరే, గింజలు ఒకే సైజులో ఉండవు. మధ్యలో ఒక్క ఇసుక రేణువు ఉన్నా చాలు. గట్టిదనం కొలిచే మోస్ స్కేలులో వెండి 2.5కి, 3కి మధ్య ఉంటుంది. ఇసుక 7 దగ్గర ఉంటుంది. ఇక గీత పడకుండా ఎలా ఉంటుంది?

రెండోది రక్షణ ఇచ్చే మందు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఓపిక పట్టండి. మంచి గుడ్డల్లో కొన్నింటికి థయాల్ అనే జాతి పదార్థం పట్టిస్తారు. పొడవాటి కర్బన గొలుసు, దాని ఒక చివర గంధకం ఉండే అణువు ఇది. తుడిచినప్పుడు గంధకం ఉన్న చివర వెండికి అతుక్కుంటుంది. గొలుసు తోక బయటికి నిలబడుతుంది. ఇలాంటి అణువులు లక్షలూ కోట్లూ వరిచేలో నాట్లు వేసినట్టు పక్కపక్కనే నిలబడి, ఒక్క అణువు మందంతో వెండి మీద పందిరి వేస్తాయి. ఆ తోకలకు నూనె గుణం, నీళ్ళంటే పడదు. తేమ, దానితో వచ్చే వాయువు అంత తేలిగ్గా లోపలికి చేరలేవు. వెండిని నల్లబరిచేది గంధకం. ఇక్కడ కాపలా ఉన్నదీ గంధకమే. క్లాసులో ఈ పాఠం చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది. ఇప్పటికీ అంతే.

అన్ని గుడ్డల్లో ఈ రెండూ ఉంటాయని అనుకోకండి. కవరు మీద ఏం రాశారో చదవండి. 'యాంటీ టార్నిష్' అని ఉంటే రెండో మందు ఉందని అర్థం. ఆ మాట లేకపోతే అది శుభ్రం మాత్రమే చేస్తుంది, కాపలా కాయదు.

వాడే పద్ధతి చెబుతాను. ముందు వస్తువు కడగాలి. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. పసుపు, కుంకుమ, దీపం నూనె, దుమ్ము ఉన్న వస్తువు మీద గుడ్డ పెట్టి రుద్దితే, ఆ దుమ్మునే రాపిడి కాగితంగా వాడినట్టు అవుతుంది. గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం మెత్తటి సబ్బు లేదా కుంకుడుకాయ రసం చాలు. కడిగాక మెత్తటి పాత పంచె ముక్కతో నీటి చుక్క లేకుండా ఒత్తి, ఒక గంట ఆరనివ్వండి. తర్వాత వేళ్ళు తగలకుండా నూలుగుడ్డతో పట్టుకుని, పాలిష్ గుడ్డతో ఒకే దిశలో తేలిగ్గా తుడవండి. గుండ్రంగా తిప్పొద్దు. సున్నాలు చుట్టినట్టు తిప్పితే వెలుగులో ఆ సున్నాలే కనిపిస్తాయి. గట్టిగా నొక్కొద్దు. పని మందు చేస్తుంది, మీ భుజం బలం అక్కర్లేదు. ఎక్కువ గుడ్డలు రెండు పొరలుగా వస్తాయి. లోపలి పొర మందు ఉన్నది, బయటి పొర ఉత్తది. లోపలి దానితో తుడిచి, బయటి దానితో చివరి మెరుపు తీయండి.

నగిషీ పల్లాల్లో ఉన్న నలుపు జోలికి పోకండి. దాన్ని కూడా పోగొట్టాలని పుల్లకు గుడ్డ చుట్టి గెలికే వాళ్ళను చూశాను. ఆ నలుపు వల్లే బొమ్మ బొమ్మలా కనిపిస్తుంది. అమ్మవారి ముఖానికి కళ్ళ గీతల్లో నలుపు ఉంటే అది కాటుకే అనుకోండి. గుడ్డ ఎత్తుగా ఉన్న చోట్లనే తాకుతుంది, పల్లం వదిలేస్తుంది. వెండి ముంచి తీసే ద్రావకాల కంటే గుడ్డ మేలనడానికి నా దృష్టిలో ఇదే పెద్ద కారణం. ద్రావకంలో ముంచితే నలుపు అంతటా ఒకేసారి పోయి, బొమ్మ చప్పబడుతుంది. ఇప్పుడు ఆడపిల్లలు ఇష్టంగా పెట్టుకుంటున్న, కావాలనే నల్లబరిచిన ఆక్సిడైజ్డ్ వెండి నగలను ముంచితే కొన్న అందమే పోతుంది.

అల్యూమినియం ఫాయిల్, వేడి నీళ్ళు, వంటసోడా పద్ధతి గురించి ఇందాక బయట ఇద్దరు అడిగారు. కెమిస్ట్రీ పరంగా అది నిజమే. సల్ఫైడ్‌లో ఉన్న గంధకం అల్యూమినియం వైపు పోయి, వెండి వెండిగా మిగులుతుంది. రాపిడి ఉండదు. కానీ తిరిగొచ్చిన వెండి ఉపరితలం కాస్త మసకగా ఉంటుంది, పల్లాల్లో నలుపు కూడా పోతుంది, రాళ్ళు పొదిగిన వాటికి, లక్క నింపిన వాటికి, లోపల డొల్లగా ఉన్న వాటికి పనికిరాదు. ఉత్త పట్టీలకో, చెంచాలకో చేసుకోవచ్చు. భరిణెకి, అమ్మవారి ముఖానికి వద్దు.

గుడ్డను ఉతకొద్దు. ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. ఒక్కసారి సబ్బులో వేస్తే మందు మొత్తం పోయి మామూలు గుడ్డ అయిపోతుంది. నల్లబడినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. సగం నల్లబడ్డ గుడ్డ కూడా చక్కగా పని చేస్తుంది. మొత్తం నల్లగా అయ్యి, తుడిస్తే వస్తువుకే నలుపు అంటుతున్నప్పుడు మార్చండి. అప్పటిదాకా జిప్ కవర్లో పెట్టి గాలి తగలకుండా దాచండి.

ఇత్తడికి వాడిన గుడ్డ వెండికి వాడొద్దు. ఇత్తడి గుడ్డల్లో పొడి కాస్త గరుకుగా ఉండొచ్చు, పైగా రాగి రేణువులు అంటి ఉంటాయి. ఒక్కో లోహానికి ఒక్కో గుడ్డ, కవరు మీద పేరు రాసి పెట్టుకోండి.

ఇత్తడి, రాగి దగ్గర మన చింతపండు గురించి న్యాయంగా మాట్లాడాలి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి మీద ఆక్సైడ్‌ను కరిగించేస్తుంది. అందుకే రాగిచెంబు చింతపండు తగలగానే ఎర్రగా విచ్చుకుంటుంది. నీళ్ళు తాగే రాగిచెంబు లోపలికి చింతపండే సరైనది, పాలిష్ గుడ్డ లోపల పెట్టొద్దు. వెండి మీద మాత్రం చింతపండుకి పని లేదు, సల్ఫైడ్ దానికి లొంగదు. ఇక ఇత్తడిలో రాగితో పాటు జింకు ఉంటుంది. పులుపు రాసి గంటల తరబడి వదిలేస్తే జింకు ముందు కరిగిపోయి, పైన రాగి మిగిలి, వస్తువు గులాబీ రంగు మచ్చలు పడుతుంది. దీపపు సెమ్మె అడుగున అలాంటి మచ్చలు మీలో చాలామంది చూసే ఉంటారు. వారానికోసారి చింతపండుతో తోమే బదులు, వాడకం అయ్యాక నూనె కడిగి, ఆరబెట్టి, ఇత్తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే సెమ్మె చాలాకాలం బావుంటుంది.

కొన్ని ఇత్తడి పాలిష్‌లలో అమ్మోనియా ఉంటుంది. వాసన ముక్కుకి ఘాటుగా తగులుతుంది. వాటితో తుడిచాక మూలల్లో మిగలకుండా బాగా తీసేయాలి. దీనికి మన దేశంతో ముడిపడిన ఒక పాత సంగతి ఉంది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ నిల్వ చేసిన ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. గుర్రపుశాలల దగ్గర ఉంచేవారు. కారణం చాలాకాలం అంతు చిక్కలేదు. వానాకాలంలో పగులుతున్నాయని సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, గొట్టం తయారీలో లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి కలిసి ఆ పని చేస్తున్నాయని 1921లో వివరించారు. మీ ఇంట్లో గంట పగిలిపోతుందని భయపెట్టడం లేదు. తుడిచిన మందును వస్తువు మీద వదిలేయొద్దని చెప్పడానికే ఇది.

కొత్తగా కొన్న ఇత్తడి అలంకార వస్తువుల మీద చాలాసార్లు పారదర్శకమైన లక్కర్ పూత ఉంటుంది. మన పెంబర్తి కళాకారుల రేకు పని, శ్రీకాకుళం వైపు బుడితి ఇత్తడి, కంచు సామాను కొనేటప్పుడు పూత వేశారా అని అడగండి. పూత ఉంటే ఉత్త మెత్తటి గుడ్డ చాలు. పాలిష్ గుడ్డతో రుద్దితే పూత అక్కడక్కడ లేచిపోయి, లేచిన చోటే మచ్చలుగా నల్లబడుతుంది.

ఇక ఈ గుడ్డ అసలు తాకకూడని వాటి సంగతి. వన్ గ్రామ్ గోల్డ్ నగలు. పైన ఉన్న బంగారం పూత మైక్రాన్ లెక్కల్లోది. రాపిడి మందు ఉన్న గుడ్డతో నాలుగుసార్లు తుడిస్తే లోపలి లోహం బయటపడుతుంది. పూత వేసిన వెండి సామాను కూడా అంతే, ఉత్త మెత్తటి గుడ్డే. జర్మన్ సిల్వర్ అని పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టులుగా ఇస్తున్నారు కదా, దానిలో వెండి లేదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. పైన వెండి పూత ఉందో లేదో తెలుసుకోకుండా రుద్దొద్దు. ముత్యాలు, పగడాలు, కెంపులు పొదిగిన నగల్లో రాళ్ళకు మందు తగలకూడదు. ముఖ్యంగా ముత్యం చాలా సున్నితం, రాపిడికీ రసాయనానికీ రెండింటికీ దాని పైపొర పోతుంది. హైదరాబాదులో కొన్న ముత్యాల దండను ఉత్త తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టుకోవడమే.

కరీంనగర్ ఫిలిగ్రీ ఉంటే ఎవరింట్లోనైనా, దాన్ని గుడ్డతో అసలు తుడవొద్దు. వెంట్రుకలాంటి వెండి తీగల్ని మెలిపెట్టి అల్లిన పని అది. గుడ్డ పోగు ఒక తీగకి తగులుకుంటే చాలు, అల్లిక లేస్తుంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, గాలి చొరబడని డబ్బాలో పెట్టండి.

బిద్రి వస్తువులు ఉన్నవాళ్ళు చేతులెత్తండి. నలుగురైదుగురు ఉన్నారు, సంతోషం. సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రి చూసే ఉంటారు. దానిలో నలుపు మచ్చ కాదు, అదే పనితనం. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపిన లోహంలో వెండి పొదిగి, చివర్న బీదర్ కోట మట్టి, నవసాగరం కలిపిన నీళ్ళతో రాస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. ఆ నల్లదనం మీద పాలిష్ గుడ్డ పెడితే కళాకారుడు చివర్లో చేసిన పనంతా చెరిపేసినట్టే. ఉత్త మెత్తటి గుడ్డ, ఒకటి రెండు చుక్కల కొబ్బరినూనె చాలు.

దాచే పద్ధతి కూడా దీనిలో భాగమే. వెండిని రబ్బరు బ్యాండ్లతో కట్టి పెట్టొద్దు. రబ్బరులో గంధకం ఉంటుంది, బ్యాండు ఉన్న చోట నల్ల గీత పడుతుంది, అది ఒక పట్టాన పోదు. ఊలు శాలువాల్లో చుట్టొద్దు. న్యూస్‌పేపర్ వద్దు. ఉతికి ఆరిన నూలుగుడ్డలో చుట్టి, జిప్ కవర్లో పెట్టి, గాలి ఒత్తేసి, లోపల సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. వెండి దాచడానికే చేసిన సంచులు కూడా దొరుకుతాయి. వాటి గుడ్డ పోగుల్లో సన్నటి వెండి రేణువులు ఉంటాయి. లోపలికి వచ్చే గంధకాన్ని ఆ రేణువులు ముందే పట్టుకుని అవి నల్లబడతాయి, మీ కలశం చెంబు తెల్లగా ఉంటుంది. ఖరీదు కాస్త ఎక్కువే కానీ, ఏడాదికోసారి తీసే సామానుకు పెట్టిన డబ్బు వృథా కాదు.

ఇంకోటి, వాడే వెండి తక్కువ నల్లబడుతుంది. రోజూ కడిగి తుడిచే వెండి గ్లాసుకు పొర పేరుకునే సమయమే దొరకదు. దాచింది దాచినట్టు పెట్టి ఏడాదికోసారి అరగదీయడం కంటే రోజూ నీళ్ళు తాగడం మంచిది.

అవునండీ, వెనక వరసలో అడుగుతున్నారు. చెప్పండమ్మా.

పంచలోహ విగ్రహాలా? ఆ మాట నేనే చెప్పాల్సింది, మంచి గుర్తు చేశారు. ఇంట్లో చిన్న విగ్రహాలకు ముక్కు, కళ్ళు అరిగిపోయి మొహం నున్నగా అయిపోవడం చూస్తున్నాం. ప్రతి వారం చింతపండు, పీచు. తాతల కాలం నాటి విగ్రహమైతే ఆ గోధుమరంగు పొర దానికి వయసు తెచ్చిన రక్షణ. దాన్ని కదపొద్దు. అభిషేకం అయ్యాక పాలు, తేనె మిగలకుండా నీళ్ళతో కడిగి ఒత్తడమే చాలు. పాలిష్ గుడ్డ కూడా వద్దు. అయితే ఆకుపచ్చ పొడి రాలుతూ, తుడిచినా మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది వేరే జబ్బు, మ్యూజియంలో లోహాల సంరక్షణ చేసే వాళ్ళకు చూపించండి.

ఆ పక్కన మీరు. ఉగ్గుగిన్నెకా? మనవరాలికి అన్నప్రాశనా? చాలా సంతోషం. బయట గుడ్డతో తుడవండి. లోపల పొరపాటున తగిలినా సబ్బు నీళ్ళతో బాగా కడిగి, వేడినీళ్ళు పోసి ఒకసారి తొలిపి, ఆరాకే వాడండి. తినే గిన్నె లోపల రక్షణ పొర పోయినా నష్టం లేదు, శుభ్రం ముఖ్యం. తెచ్చారా? ఏదీ, ఇలా ఇవ్వండి.

పసుపు దశలోనే ఉంది, అదృష్టం. అంచు కింద ఏదో చెక్కి ఉంది చూశారా? ఆ లైటు కొంచెం ఇటు తిప్పండి. గుడ్డ తర్వాత, ముందు ఈ పేరు చదువుదాం.